ఐదువందల పదాల్లో మీ గురించి

పోర్టల్ అడుగుతోంది:
మీ సంస్థ తనను తాను ఏమని అనుకుంటోంది?
ఐదువందల పదాలకు మించరాదు.
రాత్రి పన్నెండు దాటితే పెట్టె మూసుకుంటుంది.

రణస్థలం దాటాక హైవే పక్కన
జీడితోట కొట్టేసి కట్టిన మా విశ్వవిద్యాలయంలో
ఈ పని నా మీద పడింది.
పదకొండేళ్ళ కాంట్రాక్టు నాది.
ఏటా మే నెలలో నేను ఉండను,
జూన్‌లో మళ్ళీ పుడతాను.
ఎవరో ఒకరు "మేము" అని రాయాలి కదా.

పోయినసారి రిపోర్టు తెరిచాను.
"ప్రపంచంతో అనుసంధానమైన జ్ఞానకేంద్రం" అని మొదలు.
మూడో పేరాలో "మా నర్మదా తీరపు విద్యార్థులు".
ఎవరి మాటలో మా దగ్గరికి నకలయ్యాయి,
వాళ్ళు ఎవరి దగ్గర తెచ్చుకున్నారో.
ఒక కేబులు వెంట నర్మద ఇక్కడిదాకా పారిందన్నమాట.
నాగావళి మాత్రం ఎవరి రిపోర్టులోకీ పారలేదు.

గోడ ఉంది మాకు.
తూర్పున ఒకచోట కూలి ఉంటుంది.
కట్టిన ప్రతిసారీ కూలుతుంది.
ఎవరు కూలుస్తారో అందరికీ తెలుసు, ఫైలుకు తెలీదు.
అందులోంచి మేకలొస్తాయి,
మేకల వెనక లోలుగు పోలమ్మ,
ఆమె వెనక బస్సు తప్పిన ఎంకామ్ మొదటి సంవత్సరం మొత్తం.

గేటు దగ్గర వేలిముద్ర మిషను.
పలాస పిల్ల కోరాడ నీలవేణి
సెలవుల్లో జీడిపిక్కలు కొట్టి వస్తుంది.
జీడి నూనె తిన్న వేళ్ళని యంత్రం పోల్చుకోదు.
"మళ్ళీ ప్రయత్నించండి" అంటుంది.
జీడితోట మీద కట్టిన మేం
ఆ పిల్లకి చెప్పిన మొదటి పాఠం అది.

లైబ్రరీలో నలభై వేల పుస్తకాలు, పద్దెనిమిది ప్లగ్గులు.
పిల్లలు ప్లగ్గుల చుట్టూ చేరతారు.
నేను చెప్పే పాఠమే ఎక్కడో ఎవరో
నాకంటే బాగా చెబుతుంటే
నా క్లాసులోనే కూచుని ఒక చెవితో వింటారు.
రెండో చెవి నాకు వదిలారు.
దానికేం చెప్పాలో
నేనింకా నేర్చుకుంటున్నాను.

ఆ అక్టోబరు తుపానుకి టవర్లు పడుకున్నాయి.
సర్వర్ గది చీకటి.
ఐదు రోజులు లోకం దృష్టిలో మేం లేం.
వాచ్‌మన్ గౌరునాయుడు ఎవర్నీ అడక్కుండా
జనరేటరు తిప్పాడు, పరీక్షల హాలు తెరిచాడు.
"ఆర్డరెవులిచ్చారంటే ఏటి సెప్తాం బాబూ,
జనం గుమ్మం కాడికి వొచ్చీసినారు, తీసీసినాను."
నేల మీద రెండొందల ఫోన్లు,
ఒక్కోదానికి హాల్‌టికెట్టు నెంబరు అంటించి.
ఛార్జింగ్ ఎక్కాయి గాని మాట్లాడవు.
అప్పుడు నీలవేణి సుద్దముక్క తీసింది.
జీరుపాలెం మైలపల్లి దానయ్య క్షేమం, ఇంటికి చెప్పండి.
బుడగట్లపాలెంలో పసిబిడ్డకి పాలడబ్బా కావాలి.
సూరాడ వాళ్ళ పడవ కొవ్వాడ ఒడ్డుకి కొట్టుకొచ్చింది, ఇద్దరున్నారు.
మూడో మనిషి పేరు పక్కన ఏమీ రాయలేదు.
ఏ ఊరివాళ్ళొస్తే ఆ ఊరి కబురు
సైకిళ్ళ మీద, కాలినడకన మోసుకుపోయారు.
పోలమ్మ ఎనిమిది ఊళ్ళకి తిరిగింది, మేకలు లేకుండా.

ఆ బోర్డు చెరిపింది నేనే.
సోమవారం స్థూల ఆర్థికశాస్త్రం క్లాసు ఉండింది.

ఇదంతా పెట్టెలో రాశాను.
ఆధారం జతచేయండి అంది పోర్టల్.
ఫొటో లేదు.
ఫొటోలు తీసేవన్నీ అప్పుడు నేల మీద ఉన్నాయి.

పదకొండూ యాభై రెండు.
గౌరునాయుడు టీ తెచ్చాడు.
"ఇంకా ఏటి రాత్తన్నావు బాబూ?"
మనం ఎవరమో, అన్నాను.
అతను నవ్వలేదు. గ్లాసు పెట్టి, కాసేపాగి,
"తూరుపు గోడ మళ్ళీ పడిపోనాది, అదీ రాసీ" అన్నాడు.

'లోపాలు' అన్న పెట్టెలో మొదలుపెట్టాను.
కొట్టేశాను.
'ప్రవేశ మార్గాలు' ఎక్కడుందా అని
వెతుకుతున్నాను.